కోడు బాబాయి

కోడు బాబాయి పుట్టేది కోనసీమలో, దొరికేది వాట్సాప్‌లో. ఊరు రాజోలు, కొత్తపేట, అమలాపురం చుట్టుపక్కల ఏదైనా కావచ్చు. ఉద్యోగం మాత్రం హైదరాబాదులోనో బెంగళూరులోనో డాలస్‌లోనో. చుట్టరికం ఉండి తీరాలనేం లేదు, కొబ్బరితోటల గట్లు కలిస్తే చాలు, బాబాయే.

గిరాకీ సెమిస్టరు చివర్లో. ఓడలరేవులోనో కాకినాడలోనో బీటెక్ మొదటి ఏడాది చదివే కుర్రాడు రాత్రి పదకొండింటికి మెసేజి పెడతాడు: “బాబాయ్, రేపే సీ ల్యాబు రికార్డు ఇచ్చెయ్యాలండి. మ్యాట్రిక్స్ మల్టిప్లికేషన్ ఒక్కటే ఉండిపోయిందండి.” ఆ ఒక్కటీ తెల్లారేలోగా తొమ్మిదవుతాయి.

అడిగినవాడికి దారి చూపాలా, పనే చేసిపెట్టాలా అన్నది లోకమంతా వాదించుకునే ప్రశ్న. కోనసీమలో ఆ వాదన లేదు. విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి “నీకెంత ఆకలి?” అని ఆరా తీయడం అక్కడి మర్యాద కాదు. కాబట్టి ప్రోగ్రాం మొత్తం పడుతుంది, ఫిబొనాచీ, పాలిండ్రోమ్ కొసరు. “ఎక్కడ ఆగావురా?” అన్న మాట ఒక్కటే రాదు.

బాబాయి సీ నేర్చింది టర్బో సీ నీలం తెర మీద. అందుకని పైన కోనియో డాట్ హెచ్, కింద గెట్‌సీహెచ్ తప్పవు. ల్యాబులో లైనక్స్ మీది జీసీసీకి ఆ కోనియో ఎవరో తెలియదు, మొదట్లోనే మొరాయిస్తుంది. అయినా ప్రోగ్రాం చక్కటి చేతిరాతతో రికార్డుకెక్కుతుంది, ఎప్పుడూ నడవని ఆ ప్రోగ్రాం అవుట్‌పుట్‌తో సహా.

పట్టుబడకుండా బాబాయి చెప్పే ఉపాయం, “వేరియబుల్ పేర్లు మార్చుకోరా” అని. 1994లో అలెక్స్ ఐకెన్ తయారుచేసిన మాస్ అనే కాపీ పట్టే సాధనం పేర్ల జోలికే పోదు, ప్రోగ్రాం అల్లికను పోలుస్తుంది. రికార్డు దిద్దే మేడమ్‌కి అదీ అక్కర్లేదు. ‘ఐ ప్లస్ ప్లస్’ ఉండాల్సిన చోట ‘వెంకన్న ప్లస్ ప్లస్’ కనబడితే చాలు. వైవాలో ఎక్స్‌టర్నల్ “మూడో లూపు ఎందుకు?” అంటే వచ్చే జవాబు: “ఆయ్, మా బాబాయి గారు పెట్టారండి.”

ఇదే జాతిలో అరుదైన రకం ఇంకొకటుంది. ఇతను కోడు పంపడు. “రెండు చిన్న మ్యాట్రిక్సులు చేత్తో గుణించి ఫొటో పెట్టు” అంటాడు. వరసకి ఒకటి, నిలువుకి ఒకటి, కూడికకి ఒకటి, మూడు లూపులెందుకో గుణించేసరికి కుర్రాడికే తడుతుంది. వైవా గట్టెక్కుతాడు. పేరు మాత్రం రాదు. “అమెరికా వెళ్లాక మారిపోయాడండి, నాలుగు లైన్లు రాసివ్వడానికి చేతులు రాలేదు” అని పెళ్లి బంతుల్లో చెప్పుకుంటారు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. రెండో రకం వాడికి పెద్ద తేడా పడలేదు, వైవా ముందు రోజు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మొదటి రకం వాడికే రాత్రి పదకొండు దాటినా మెసేజి లేదు. సంక్రాంతికి ఊరొచ్చి, కుర్రాళ్లని అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరి ప్రోగ్రాం వాళ్లే రాసుకోవాలని గట్టిగా చెబుతున్నాడు.