ఒక గారపంటి ఆత్మకథ

నేనొక పన్నును. శాస్త్రజ్ఞులు చర్వణకమనియు, మావాండ్రు దవడపన్ననియు నన్ను వ్యవహరింతురు. కనిగిరి ప్రాంతపు మెట్టపల్లెలో, ఇంకను చిగురు చీల్చుకొని వెలికి రాక, ఒక పసివాని దవడయెముకలో దాగి రూపు దిద్దుకొనుచున్న దినములలోనే, వాడు త్రాగిన బావినీటిలోని ఫ్లోరిను నా పింగాణిపొరలోనికి ఇంకి సున్నపు మరకలు చేసినది. లోకమును చూచిన పిదప నవియే గోధుమవన్నె దేరినవి.

నన్ను మోసిన మనిషి పెరిగి పెద్దవాడై, వానలు వెనుదీసిన యేట కూలికై తూర్పునకు దిగివచ్చి, ఇసకపల్లి ఉప్పుకొటారులలో పనికి కుదిరెను. తీరపు ఇసుకబావుల తియ్యనీరు త్రాగి పెరిగినవారి నడుమ తన గారపండ్ల నవ్వు వేరుగా నగపడుటచే, పైపంచె కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వుట నలవరచుకొనెను. వేపపుల్ల, కచ్చిక, ఉప్పు, బొగ్గుపొడి, అతడు తోమని తోముడు లేదు. పైని పట్టిన మచ్చయైన గదా తోమిన పోవుటకు!

గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ పండితులు షార్ట్, పండిట్, రాఘవాచారి గార్లు నెల్లూరు జిల్లాలోని యీ ఫ్లోరిను వ్యాధినిగూర్చి 1937లోనే వ్రాసి ప్రకటించిరి. కనిగిరి అప్పటికి నెల్లూరు జిల్లాలోనిదే. ఆ వార్త ఉప్పుకొటారు దాక నడచి రాలేదు.

మైపాడునుండి పోయి మద్రాసు దంతవైద్య కళాశాలలో చదువుచుండిన యువకుడొకడు, వేసవి సెలవులలో నెల్లూరి వైద్యు నొకని యొద్ద చేతిసాయము చేయుచుండగా, చిగురు వాచి నేను కదలబారిన కారణమున నా మనిషి యచటికి వచ్చెను. పటకారు రెండు మారులు అటునిటు నూపి, మూడవ మారు నన్ను వెలికి దీసినది.

“ఏవూరు తాతా మనది?”

“కనిగిరి పక్క నాయనా. ఆ పన్ను పారేయ్, ఎవురికీ చూపించబాక.”

యువకుడు పారవేయలేదు. ఆ రాత్రి దీపము క్రింద కొనదేలిన కొక్కెముతో నన్ను గీకెను. గార రాలెను గాని మచ్చ రాలలేదు. మద్రాసులో అతని సహాధ్యాయులు పీకిన పండ్ల నేరుకొని, ప్లాస్టరులో నాటి, తొలిచి పూడ్చుట నభ్యసింపగా, మచ్చపన్ను పనికిరాదని యెవరును తాకనందున నేను చెక్కుచెదరక మిగిలితిని.

పట్టము పుచ్చుకొని అమెరికా పోయిన ఆ యువకునికి, అనగా నా క్రొత్త యజమానికి, ఆ పట్టము అచట వైద్యము చేయుటకు చాలదని తెలిసి, మరల రెండేండ్లు బల్లమీద విద్యార్థియై కూర్చుండవలసివచ్చెను. ఆ దినములలో అనుమతి పరీక్షకు రోగిని సయితము అభ్యర్థియే వెదకి తెచ్చుకొనవలసియుండెనట! కుదుర్చుకొన్న మనిషి ఆ దినమున రానందున, అతడు తెల్లకోటు తొడుగుకొని సాయంకాలము దాక ఖాళీకుర్చీ చెంత నిలువబడెను. ఆ కోటుజేబులో నేనుంటిని.

పిదప స్థిరపడినది మిషిగను రాష్ట్రములో. ఆ రాష్ట్రపు గ్రాండ్ రాపిడ్స్ నగరమే, పిప్పిపండ్లను తగ్గించుటకై, 1945 జనవరిలో లోకమున మొట్టమొదట త్రాగునీటిలో పదిలక్షల పాళ్లకొక పాలు ఫ్లోరినును కలిపినది. నన్ను చెరచిన పదార్థమునే అచట తూచి పండ్లకు రక్షగా వాడుచున్నారు! ఈ సంగతి చదివిన నాడు నా యజమాని సీసాలోని నన్ను చాలసేపు చూచెను. నాకు కోపము రాలేదు. మా నీటిని కొలిచి పోయినవారున్నారు గాని, మాకు కొలిచి పోసినవారు లేకపోయిరని మాత్రము తోచినది.

అతడు బాగుగనే గడించెను. కుర్చీ నెక్కినవారికి నన్ను చూపి ‘మా జిల్లాది’ యని గర్వముతో చెప్పును. ఆ జిల్లాకు మరలిపోయి వైద్యము చేయవలెనని అనుకొన్న ప్రతి యేడును ఇంటి అప్పో, పిల్లల చదువో అడ్డుపడును. అతనిని నేను తప్పుపట్టను, మెచ్చుకొననూ లేను.

చదువరీ, నీవు ఆ మెట్టవైపు వాడవైనచో ఒక మాట. ఎనిమిదేండ్లు నిండని బిడ్డలకు ఫ్లోరినుబావి నీరు పట్టింపకుము. కాచినంతమాత్రమున ఫ్లోరిను పోదు సరికదా, నీరావిరియైన కొలది చిక్కబడును. వాననీరో, కాచి చల్లార్చిన చెరువునీరో పట్టింపుము.