తోటారావుగారు వేంచేశారు

అసలు పేరేదైనా కానివ్వండి, మనం ఆయన్ని తోటారావుగారు అందాం. కాపురం హైదరాబాద్ శివార్లలో, పధ్నాలుగో అంతస్తు. ఒకప్పుడు అక్కడ అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్ళుండేవి. వాటిని కొట్టేసి అపార్టుమెంట్లు కట్టి, గేటు మీద ద్రాక్షగుత్తి బొమ్మ పెట్టారు. ఆ గేటులోంచే ఆయన సెలవొచ్చినప్పుడల్లా తోటలు వెతుక్కుంటూ కారేసుకుని బయల్దేరతారు.

డిసెంబరులో అరకు కాఫీ, జనవరిలో లంబసింగి స్ట్రాబెర్రీ, ఫిబ్రవరి, మార్చిల్లో ద్రాక్ష, ఎండలు ముదిరాక నూజివీడు మామిడి. వానాకాలం మాత్రం ఇల్లు కదలరు. నాట్లు పడేదీ కలుపు తీసేదీ అప్పుడే కదా, బూట్లు పాడైపోతాయి.

అరకులో సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల పక్కన ఎర్రటి కాఫీ పండొకటి కోసి నోట్లో వేసుకుని, "తియ్యగా ఉంది సరే, కాఫీ వాసనేదీ?" అని నిలదీశారు. గింజ ఎండి, వేగితే గానీ వాసన రాదని గిరిజన రైతు చెబితే, పాపం అతనికి తన పంట గురించే తెలీదని తీర్మానించారు. రాజేంద్రనగర్ ద్రాక్ష పరిశోధన కేంద్రంలో నాలుగు గుత్తులు రుచి చూసి, అయిదోది తూకానికిచ్చి, "కాస్త పులుపండీ, మొదట్లో బెల్లం నీళ్ళు పోయించండి" అని అక్కడి శాస్త్రవేత్తకే సలహా ఇచ్చి వచ్చారు.

ఆయన అసలు ప్రతాపం చూడాలంటే మాత్రం మే నెలలో నూజివీడు వెళ్ళాలి.

తోటలో కాలు పెడుతూనే మొదటి ప్రశ్న, "ఆర్గానికేనా?"

"తేనెమంచు పురుగు పడితే పూతంతా రాలిపోద్ది బాబుగారూ. మందు కొట్టకపోతే ఇయ్యాళ మీకు చూపించడానికి ఆకులే మిగిలేవి" అన్నాడు రైతు.

"గోమూత్రం కొట్టి చూడు పెద్దాయనా. వీడియో పంపిస్తాను. సరేగానీ, నాకు చెట్టు మీదే పండిన బంగినపల్లి కావాలి."

"చెట్టు మీద పండినవి చిలకలకండీ. మనం ముదురు కాయ కోసి గడ్డిలో మగ్గేస్తాం."

"అంటే కార్బైడన్నమాట!"

"కార్బైడెందుకండీ, వరిగడ్డి."

తోటారావుగారు ఒక గడ్డిపోచ తీసి అనుమానంగా వాసన చూశారు. రైతు చిక్కం చేతికిచ్చి, ముచ్చిక ఉంచి కోయాలనీ, లేకపోతే సొన కారి కాయ మచ్చపడుతుందనీ చెబుతూనే ఉన్నాడు. అప్పటికే తోటారావుగారు చిక్కం పక్కన పడేసి, ఎగిరి కొమ్మ పట్టుకు వేలాడారు. వీడియో తీస్తున్నది వాళ్ళబ్బాయి మరి. కాయతో పాటు కొమ్మా వచ్చింది, సొన కళ్ళద్దాల మీద చిమ్మింది. ఆ తర్వాత గడ్డిలోంచి మగ్గిన బంగినపల్లి ఒకటిస్తే, దాన్ని పిసికి జుర్రుకోబోయారు. అది కోసుకుని తినే పండనీ, జుర్రుకోవలసింది రసాలనీ చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఇక బేరం. "కాయ నేనే కోసుకున్నాను, కూలి తీసెయ్. కారులో నేనే పట్టుకెళ్తున్నాను, లారీ కిరాయి తీసెయ్. మధ్యలో దళారీ లేడు, కమీషన్ తీసెయ్." లెక్క తేలేసరికి రైతే ఎదురివ్వాలేమో అన్నట్టుంది. విరిగిన కొమ్మ మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

ఇదే తోటారావుగారు కిందటి అక్టోబరులో న్యూజెర్సీలో కూతురింటికి వెళ్ళి ఆపిల్ తోట చూసొచ్చారు. లోపలికెళ్ళడానికి టికెట్టు, ట్రాక్టరు బండిలో గడ్డిమోపుల మీద కూర్చుని తిరగడానికి ఇంకో టికెట్టు, సంచికి వేరే డబ్బు, కోసుకోవడం మాత్రం మనమే. "సిస్టమంటే అదీ!" అని ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు. నూజివీడులో మనిషికి యాభై రూపాయలడిగితే, "మామిడిచెట్టు చూడ్డానికి డబ్బులా! కలికాలం" అన్నారు.

ఎగతాళి చేస్తున్నాను గానీ, చెట్టు నీడన నులకమంచం మీద వాలితే ఆయన మొహంలో నిజంగానే ఓ సంతోషం కనిపిస్తుంది. "రిటైరయ్యాక ఓ రెండెకరాలు కొనుక్కుని వ్యవసాయం చేసేస్తా" అంటారు. అబద్ధం కాదు, ఆ క్షణానికి.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గూడూరు దగ్గర వాళ్ళ నాన్నగారు పెట్టిన నిమ్మతోట ఒకటుంది, కౌలుకిచ్చారు. మోటారు కాలిపోయిందట, చెట్లు ఎండుతున్నాయట, సగం ఖర్చు పెట్టుకుంటారా అని కౌలు రైతు అడుగుతున్నాడు.

"సిగ్నల్ సరిగా లేదయ్యా, తోటలో ఉన్నాను" అని పెట్టేసి, నూజివీడు రైతు వైపు తిరిగి, "ఇక్కడ ఎకరం ఎంత పలుకుతోంది?" అన్నారు.

మామిడి రైతులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే మేలో కూడా ఆయన వస్తారు. గేటు దగ్గర టికెట్టు పెట్టండి, ధర డాలర్లలో రాయండి. బేరమాడరు.