నేత తప్పిన చోటు: ఒక గాజు స్లైడు ఆత్మకథ

క్యాన్సర్ అనే మాట రోగి చెవిన పడకముందే ఆ వ్యాధి పేరు సాధారణంగా 75 మిల్లీమీటర్ల పొడవు, 25 మిల్లీమీటర్ల వెడల్పు, సుమారు ఒక మిల్లీమీటరు మందం ఉండే గాజుపలక మీద తేలుతుంది. పరీక్షశాలల్లో దాన్ని స్లైడు అంటారు. గడ్డ ఎక్కడుందో, ఎంత పెరిగిందో స్కానింగు చూపగలదు గాని, అది ఏ రకం కణం నుంచి పుట్టిందో తెలియాలంటే చాలావరకు ఆ చోటి నుంచి చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడవలసిందే. ఇక్కడ తన కథ చెప్పుకుంటున్న స్లైడు వరంగల్‌ది. 1959లో ఏర్పడిన కాకతీయ వైద్య కళాశాల, చుట్టుపక్కల జిల్లాల జనం ఎంజీఎం అని పిలుచుకునే మహాత్మా గాంధీ స్మారక ఆసుపత్రి ఉన్న ఈ ఊళ్ళో, అట్టపెట్టెలో తోటి పలకల నడుమ ఉన్నంతకాలం అది ఉత్త గాజు, దానికి చరిత్రంటూ లేదు.

దానికి చరిత్ర వచ్చింది కొత్తవాడకు చెందిన ఒక నేత కార్మికుడి ఎడమ చెంప లోపలి పొర వల్ల. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ జంపఖానాలు నేసే మగ్గం ముందు పొద్దంతా కూర్చునే మనిషి, అలుపు తెలియకుండా ఉండేందుకు ఏళ్ళ తరబడి దవడన తంబాకు, వక్క పెట్టుకున్నాడు. అవి ఆనే చోట మొదట తెల్లటి మచ్చ వచ్చింది, తరువాత నొప్పి లేని పుండయింది, ఆ పుండు నెల గడిచినా మానలేదు. రెండు మూడు వారాల్లో మానని నోటిపుండును డాక్టరుకు చూపించి తీరాలి. అయినా ఆ మనిషి ఇంకా నాలుగు నెలలు ఆగాడు, ఎందుకంటే ముక్క తీస్తే, కత్తి తగిలితే రాచపుండు ఒళ్ళంతా పాకుతుందని ఇంట్లోవాళ్ళూ వాడకట్టువాళ్ళూ భయపెట్టారు. ఈ స్లైడుకు ఇన్ని మాటల్లోకీ బాధ కలిగించేది ఆ ఒక్క మాటే. నోటిపుండు ముక్క తీసినందువల్ల పాకదు, తీయించుకోకుండా గడిపిన నెలల్లో పాకుతుంది.

చివరికి పెసరగింజంత ముక్క ఫార్మలిన్ సీసాలో పరీక్షశాలకు చేరింది. ఫార్మలిన్ కణాలు కుళ్ళకుండా వాటి ఆకారాన్ని ఉన్నదున్నట్టు నిలుపుతుంది; ఆ తరువాత ఆల్కహాలు ముక్కలోని నీటినంతా లాగేస్తుంది, జైలీన్ ఆల్కహాలును తీసివేస్తుంది, కరిగిన మైనం ఆ ఖాళీల్లోకి ఇంకి గట్టిపడుతుంది. ఇలా తయారైన మైనపు దిమ్మను బ్లాకు అంటారు. బ్లాకును మైక్రోటోమ్ అనే కోతయంత్రంలో బిగించి చక్రం తిప్పితే, మిల్లీమీటరులో వెయ్యోవంతయిన మైక్రాను కొలతలో మూడు నుంచి ఐదు మైక్రానుల మందం గల పొరలు ఒకదానికొకటి అంటుకుని పట్టీలా జారుతాయి. ఆ పట్టీని గోరువెచ్చని నీటి మీద వదిలితే ముడతలు విప్పుకుని తేలుతుంది; టెక్నీషియను ఈ స్లైడును ఏటవాలుగా నీళ్ళలో ముంచి, పొర కిందికి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి పైకెత్తాడు. గాజుకు మనిషి అంటుకున్నది ఆ క్షణంలోనే.

తరువాతి పని అద్దకం. పొరకు రంగే లేదు కాబట్టి కణాలు కనపడాలంటే రంగు పట్టించాలి. అందుకు వాడే హెమటాక్సిలిన్ మధ్య అమెరికా ప్రాంతపు చెట్టు చేవ నుంచి వచ్చేది, ఒకప్పుడు బట్టలకు అద్దినదే, దానికి జోడీ అయిన ఇయోసిన్ కూడా 19వ శతాబ్దంలో అద్దకపు రంగుగానే వచ్చింది. మొదటిది కణం నడిమి కేంద్రకాన్ని ఊదా నీలంగా, రెండోది చుట్టూ ఉన్న పదార్థాన్ని గులాబీగా చేస్తుంది. నేతగాడి చెంప పొర నేతవాళ్ళ రంగుల్లోనే పలికిందన్నమాట. కణజాల శాస్త్రానికి యూరప్ వాళ్ళు పెట్టుకున్న పేరులోని గ్రీకు మాటకు మగ్గమనీ, నేసిన బట్ట అనీ అర్థాలున్నాయి కాబట్టి ఈ పోలిక కొత్తదేమీ కాదు.

ఆరోగ్యమైన చెంప లోపల కణాలు వరస తప్పకుండా ఉంటాయి: అడుగున పుట్టి, పైకి జరుగుతూ చదునై, చివరికి పొలుసులై రాలిపోతాయి, అడుగునున్న ఆధార పొర అనే సన్నటి హద్దును దాటవు. ఈ స్లైడు మీద ఆ హద్దు తెగి ఉంది. పెద్దవీ చిన్నవీ అయిన కేంద్రకాలతో కణాలు గుంపులుగా కింది కండరం దాకా దిగాయి. కొన్ని గుంపుల నడుమ ఉల్లిపాయ పొరల్లా గుండ్రంగా చుట్టుకున్న గులాబీ చుక్కలున్నాయి, వాటిని వైద్యులు కెరటిన్ ముత్యాలంటారు. అంత భయంకరమైన గుర్తుకు అంత అందమైన పేరెవరు పెట్టారో గాని, వాటిని చూడగానే పాథాలజిస్టు, అంటే కణజాలాన్ని చదివి రోగం చెప్పే వైద్యురాలు, పొలుసుకణ కార్సినోమా అని రాసింది.

మగ్గం మీద పోగు తెగితే నేతగాడు నేత ఆపి, పోగు ముడివేసి, ఆపైనే నాడె విసురుతాడు. కణంలోనూ అలాంటి ఏర్పాటుంది: వారసత్వ సమాచారాన్ని మోసే డీఎన్ఏ పోగు దెబ్బతింటే, పీ53 అనే ప్రోటీను కణవిభజనను ఆపి మరమ్మతుకు వ్యవధి ఇస్తుంది, మరమ్మతు కాకపోతే కణాన్ని చావనిస్తుంది. తంబాకులోని నైట్రోసమైన్లు డీఎన్ఏ పోగులను తెంపడమే కాక, కాలక్రమంలో ఆ ప్రోటీనుకు మూలమైన జన్యువునే పాడుచేయగలవు; అప్పుడు తెగిన పోగుతోనే నేత సాగిపోతుంది. వక్క కూడా, తంబాకు కలవకపోయినా, క్యాన్సర్ కారకమే. కోస్తా జిల్లాల్లో చుట్టను నిప్పు నోటి లోపల ఉండేటట్టు పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటున్నవాళ్ళకు అంగిట్లో క్యాన్సర్ వస్తున్నదని విశాఖపట్నం వైద్యులు 1950లలోనే రాశారు. అన్ని క్యాన్సర్లకూ తంబాకే కారణం కాదు, కొన్నిటికి వైరసులు, కొన్నిటికి పుట్టుకతో వచ్చిన జన్యులోపాలు, చాలావాటికి వయసు కారణాలు. ఈ చెంప విషయంలో మాత్రం వెతుక్కోవలసిన పనిలేదు.

ట్రేలో ఆ రోజు పక్కనున్న స్లైడులు వేరే పేర్లు మోశాయి. రొమ్ము నుంచి, గర్భాశయ ముఖద్వారం నుంచి వచ్చినవీ కార్సినోమాలే, ఎందుకంటే శరీరాన్నీ అవయవాలనూ కప్పే పొరల్లో, గ్రంథుల్లో పుట్టేవాటికి అదే పేరు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సర్‌కు హెచ్‌పీవీ అనే వైరస్ ప్రధాన కారణం, దానికి టీకా కూడా ఉంది. ఎముక, కండరాల్లో పుట్టేది సార్కోమా, లింఫు గ్రంథులది లింఫోమా, రక్తకణాలది లుకేమియా. పేరు మారితే మందు మారుతుంది.

రిపోర్టు వచ్చాక స్లైడూ బ్లాకూ అట్టమడతలో రోగి కొడుకు జేబులో కాజీపేట నుంచి రైలెక్కి, హైదరాబాదులో 1955 నుంచి ఉన్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి చేరాయి. అక్కడ మరో జత కళ్ళు చూసి అదే పేరు ఖాయం చేశాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అనే ప్రభుత్వ వైద్య పథకం ఉండబట్టి ఆపరేషనుకు మగ్గం అమ్ముకోవలసిన పరిస్థితి రాలేదు. జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్‌లో నిజానికి ఒంటికి కరెంటేదీ తగలదు, శక్తిమంతమైన కిరణాలు క్యాన్సర్ కణాల డీఎన్ఏను తెంపుతాయి. ఆపరేషను తరువాత అవసరమైతే వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఆరు వారాలు ఇస్తారు. మందుల వైద్యం, అంటే కీమోథెరపీ, తలచుకున్నప్పుడు భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలవక తప్పదు: కణం విభజన చెందడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులు అమెరికాలో ఆయన బృందం కృషితోనే తయారయ్యాయి, వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో లుకేమియా పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట కలిగిందని వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించాడు, సుబ్బారావు ఆ ఏడాదే కన్నుమూశాడు. ఆ మందుల కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌ను నోటి క్యాన్సర్లలో ఇప్పటికీ వాడుతున్నారు.

ఆపరేషనులో పుండుతో పాటు దాని చుట్టూ ఉన్న మంచి కండను కొంత, మెడలోని లింఫు గ్రంథులను కూడా తీశారు. ఆ కండ నుంచి మరికొన్ని స్లైడులు తయారయ్యాయి. వాటిలో చూడవలసింది అంచులు, అంటే కోసిన గీతకూ క్యాన్సర్ కణాలకూ మధ్య మిగిలిన మంచి కణజాలం. ఐదు మిల్లీమీటర్లు, అంతకు పైన ఉంటే అంచు శుభ్రమని లెక్క. ఇక్కడ ఏడు వచ్చింది, గ్రంథుల్లో రోగం కనిపించలేదు. ఇప్పుడా అంచుల స్లైడులూ ఈ స్లైడూ ఒకే సొరుగులో పక్కపక్కన ఉన్నాయి. దీని మీది ముత్యాల గులాబీ రంగు కొద్దికొద్దిగా వెలుస్తున్నది, వాటి మీద కణాలు వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి.