టులెట్ బోర్డు: టీకా తాత్పర్య సహితము

మూలము: ఇల్లు అద్దెకు ఇవ్వబడును. శాకాహారులకు మాత్రమే. పద్ధతి గల చిన్న కుటుంబాలకు ప్రాధాన్యం.

అనుబంధ మూలము (మౌఖికం, యజమాని గుమ్మంలో నిలబడి చెప్పేది): మాకేం పట్టింపుల్లేవండీ. అసోసియేషన్‌లో ఒప్పుకోరు.

అవతారిక. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని కోలాచలం మల్లినాథసూరి తన వ్యాఖ్యానాలకు ముందు ప్రతిజ్ఞ చేసుకున్నాడు. ఆయనది మెతుకుసీమ, ఇప్పటి మెదక్ జిల్లా కొల్చారం. ఆయన చేపట్టింది కాళిదాసును కనుక ప్రతిజ్ఞ చెల్లింది. నేను చేపట్టిన మూలకర్తలు హైదరాబాదుకు పడమటి దిక్కున మేడలు కట్టుకున్నవారు. వారి ప్రతిభ అంతా రాయకుండా వదిలేసిన చోటే ఉంది. కనుక మూలంలో లేనిదే రాయాలి. అక్కరలేనిది చెప్పడం నా సొంత బలహీనత, ఉద్యోగమంతా తెలుగు పండితుడిగా చేసి రిటైరైనవాడికి అది పింఛనుతోపాటు వస్తుంది.

సందర్భం చెప్పాలి. మా అబ్బాయికి విజయవాడ నుంచి గచ్చిబౌలికి బదిలీ అయింది. ఇల్లు ఎక్కడ చూడాలన్నదాని మీద ఇంట్లో మూడు దర్శనాలు పుట్టాయి. అబ్బాయిది అద్వైతం: ఆఫీసు ఒక్కటే సత్యం, దానికి దగ్గరైతే చాలు, తక్కిన జగత్తు మిథ్య. మా ఆవిడది ద్వైతం: మనవాళ్ళున్న పేట వేరు, ఇతరులున్న పేట వేరు, కాబట్టి టోలీచౌకీ. కోడలిది విశిష్టాద్వైతం: అందరి మధ్యే ఉందాం, అయితే జుమ్మాకు నాలాంటి ముసలివాడు నడిచి వెళ్ళేంత దూరంలో మసీదు ఉండాలి, హలాల్ మాంసం కొట్టు ఉండాలి, పిల్లకు బడి దగ్గరుండాలి, మంజీరా నీళ్ళు రావాలి. కోడలి దర్శనమే గెలిచింది. ఆ ప్రకారం మియాపూర్ వైపు బయలుదేరాం.

ప్రతిపదార్థము. ఇల్లు, అద్దె, కుటుంబం: ఇవి తేలిక మాటలు, వీటికి అర్థం చెబితే చదివేవారికి కోపం వస్తుంది. ‘పద్ధతి’ యజమానికి మాత్రమే తెలిసిన శాస్త్రం, దానికి నిఘంటువు లేదు. ‘ఇవ్వబడును’ కర్మణి ప్రయోగం. కర్త కనబడడు. ఇచ్చేది ఎవరో తెలియనప్పుడు ఇవ్వననేది ఎవరో కూడా తెలియదు, అదీ సౌకర్యం. మిగిలింది ‘శాకాహారులకు మాత్రమే’.

లక్షణావిచారము. అలంకారశాస్త్రంలో లక్షణకు తరతరాలుగా ఒకటే ఉదాహరణ: గంగలో గొల్లపల్లె. ప్రవాహంలో పల్లె నిలవదు. ముఖ్యార్థానికి బాధ కలిగింది. అప్పుడు గంగ అంటే గంగ ఒడ్డు అని లాక్కోవాలి. గంగకున్న చల్లదనమూ పావనత్వమూ ఒడ్డున ఉన్న పల్లెకు అంటించడం ప్రయోజనం. శాస్త్రకారులందరూ ఈ ఒక్క పల్లెను పట్టుకుని వాదించారు గానీ, అక్కడ ఆ గొల్లలకు ఇల్లు ఎలా దొరికిందని ఒక్కరూ విచారించలేదు.

ఇప్పుడు మన మూలానికి అన్వయిద్దాం. 2014 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వే లెక్కల్లో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులు. అది చాలకపోతే, బోర్డు కట్టిన గేటు దగ్గర ఆదివారం పదకొండు గంటలకు నిలబడండి. మేం నిలబడ్డాం. యజమానిగారి వంటింట్లోంచి నాటుకోడి వాసన వస్తోంది, మసాలా బాగా వేయించారు. ముఖ్యార్థబాధ సంపూర్ణం. కనుక శాకాహారి అంటే శాకాహారి కాడు, ముస్లిం కానివాడు. ప్రయోజనం? ఆ మాట ఉన్నదున్నట్టు రాస్తే మోటుగా ఉంటుంది. ‘శాకాహారం’ అని రాస్తే అహింస, శుచి, సంస్కారం మూడూ వచ్చి ఇంటికి అంటుకుంటాయి. ఇది ప్రయోజనవతీ లక్షణ. బోర్డులు రాసీ రాసీ ఇప్పుడు రూఢి లక్షణ కూడా అయిపోయింది, బ్రోకర్లకు విడమరచి చెప్పక్కర్లేదు. నిజంగా శాకాహారులైన యజమానులూ ఉన్నారు. అక్కడ అభిధే, లక్షణ లేదు. మేం మాంసం వండుతాం, వారికి వాసన పడదు. దణ్ణం పెట్టి వచ్చేశాం, ఆ ఇళ్ళ మీద నాకు ఒక్క మాట లేదు.

ధ్వనివిచారము. గుమ్మంలో పలికిన రెండో మూలం ఉత్తమ కావ్యం. పైకి విధిలా వినిపిస్తూ లోపల నిషేధాన్ని చెప్పే మాటకు ఆనందవర్ధనుడు హాలుని గాథాసప్తశతి నుంచి ఒక గాథను చూపించాడు. స్థలం మన గోదావరి ఒడ్డు. అక్కడి పొదల్లో ఒకామె ప్రియుణ్ణి కలుసుకుంటూ ఉంటుంది. ఒక ధార్మికుడు పూలకోసం వచ్చి ఆ ఏకాంతం చెడగొడుతున్నాడు. పాపం ఆయనకు కుక్క అంటే భయం. ఆమె ఎంతో మర్యాదగా చెబుతుంది: స్వామీ, ఇక నిశ్చింతగా తిరగండి, ఆ కుక్కను పొదలో ఉన్న సింహం చంపేసింది. తిరగమనే అంది. ఆ తర్వాత ఆయన అటు తిరిగి ఉండడు.

మన యజమాని కూడా రమ్మనే అన్నాడు. గదులన్నీ చూపించాడు. గాలీ వెలుతురూ బాగుంటాయన్నాడు. తన పట్టింపు అనే కుక్క చచ్చిపోయిందన్నాడు. అసోసియేషన్ అనే సింహం మాత్రం పొదలో ఉంది.

మహిమభట్టు తన వ్యక్తివివేకంలో ఈ గాథనే తీసుకుని, ఇందులో ధ్వనీ లేదు ఏమీ లేదు, ఒట్టి అనుమాన ప్రమాణం అని కొట్టిపారేశాడు. మా కోడలిదీ ఆ పక్షమే. “ధ్వని ఏముంది మామయ్యా, పేరు చెప్పగానే ఆయన మొహం మీరు చూళ్ళేదా?” అంది. చూశాను. ఫోన్‌లో నా తెలుగు విని ముచ్చటపడి రమ్మన్న మనిషే. ఆ సింహాన్ని మాత్రం ఎవరూ చూసినట్టు లేదు. మీమాంసకులు చెప్పే అపూర్వం లాంటిది, కంటికి కనిపించదు గానీ ఫలం తప్పకుండా ఇస్తుంది. ఒకచోట పట్టుబట్టి అసోసియేషన్ ప్రెసిడెంటు ఎవరని అడిగాను. యజమానిగారే.

శ్లేష. ఒక బ్రోకరు మా మీద జాలిపడి ఉపాయం చెప్పాడు. “అబ్బాయిగారి పేరు సమీర్ కదా సార్, అదొక్కటే చెప్పండి, రెండు వైపులా నడుస్తుంది. ముందు షేక్ అనకండి.” రాఘవపాండవీయం రాసి రామాయణ భారతాలను ఒకే పద్యంలో నడిపించిన పింగళి సూరనకు ఇది ప్రతిభ. మా అబ్బాయిని అడ్వాన్సు తీసుకునే ముందు ఆధార్ అడుగుతారు, ద్వ్యర్థి కావ్యం అక్కడ ఏకార్థమైపోతుంది. అయినా ఇల్లు కావాలంటే పేరులో సగం గేటు బయట పెట్టి రమ్మనడం ఏమిటి? బ్రోకరును అనడం లేదు. అతను బజారు సంగతి చెప్పాడు.

చరిత్ర విశేషము. మేం తిరిగింది ముంబయి హైవే. అమీర్‌పేట దాటితే మూసాపేట, హైదర్‌నగర్, మియాపూర్, హఫీజ్‌పేట, పటాన్‌చెరు, పక్కకు అమీన్‌పూర్. పటాన్‌చెరు పాత కావ్యాల్లో పొట్లచెరువు. అక్కడి అమీన్‌ఖాన్ ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో అధికారి. పొన్నెగంటి తెలగన్న తన యయాతి చరిత్రను ఆయనకు అంకితమిచ్చాడు. యయాతి చరిత్ర అంటే తొలి అచ్చతెనుగు కావ్యం. తత్సమం ముట్టకూడదన్నది వ్రతం. ఆ కష్టం తెలియాలని నేను క్లాసులో పిల్లలకు పందెం పెట్టేవాణ్ణి, ఒక్క పూట అలా మాట్లాడి చూడమని. ఉదయం అనకూడదు, పొద్దున అనాలి. భోజనం అనకూడదు, కూడు అనాలి. పుస్తకం అనకూడదు, పొత్తం అనాలి. రెండో పీరియడుకల్లా అందరూ మౌనం పట్టేవారు. మౌనం కూడా తత్సమమేరా అని చెబితే బిక్కమొహం వేసేవారు. దాదాపు ఒకటిన్నర శతాబ్దం తర్వాత కూచిమంచి తిమ్మకవి అచ్చతెలుగు రామాయణం రాశాడు, గొప్పగానే రాశాడు. అయినా ముందు దారి వేసింది తెలగన్న. సంస్కృతాన్నే గేటు బయట నిలబెట్టిన ఆ కావ్యంలో అమీన్‌ఖాన్ కృతిపతిగా లోపలికొచ్చి కూర్చున్నాడు. అచ్చతెనుగుకు పట్టింపు తత్సమాలతోనే గానీ ఖానుగారితో కాదు.

ఖానుగారి ప్రభువు సంగతి ఇంకా బాగుంటుంది. 1543లో తండ్రి హత్య అయ్యాక అన్న జంషీద్‌కు భయపడి ఇబ్రహీం పారిపోయి విజయనగరం చేరాడు. ముస్లిం, పెళ్ళాం పిల్లలు లేని కుర్రాడు, పరాయి రాజ్యం వాడు, వెనక తగాదా ఉన్నవాడు: ఏ అసోసియేషనూ ఒప్పుకోదు. అళియ రామరాయలు ఏడేళ్ళు ఇంట్లో మనిషిలా ఉంచుకున్నాడు. 1550లో తిరిగొచ్చి గోల్కొండ గద్దె ఎక్కిన ఇబ్రహీం మన కవుల నోట మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు.

పూర్వపక్షం: అదే ఇబ్రహీం 1565లో తక్కిన సుల్తానులతో కలిసి రామరాయల మీదికి యుద్ధానికి వెళ్ళాడు కదా, ఇల్లిస్తే జరిగేది ఇదేగా? సిద్ధాంతం: ఇప్పటి అద్దె అగ్రిమెంట్లు పదకొండు నెలలకే రాస్తున్నారు. తళ్ళికోట యుద్ధానికి ఆ వ్యవధి చాలదు.

ఎక్కడున్నాం? ఇల్లు. ఇంకా దొరకలేదు.

ప్రమాణము. రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు ఉన్నాయి. వీటి దగ్గర మతం పేరు చెప్పి అడ్డుకోరాదు. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. 2005లో సుప్రీంకోర్టు పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో, సొసైటీ తన సభ్యత్వాన్ని ఒక మతం వారికే పరిమితం చేసుకోవచ్చంది. ఆ తీర్పుకు మల్లినాథుడు కూడా వేరే అర్థం తియ్యలేడు.

తాత్పర్యము. మా ఆవిడ ద్వైతమే నెగ్గింది. టోలీచౌకీలో పేరు చెప్పగానే ముందు చాయ్ ఇచ్చారు, తర్వాత అద్దె చెప్పారు. అద్దె ఎక్కువే. వేరే చోట దొరకదని ఇద్దరికీ తెలిసినప్పుడు బేరం ఎలా సాగుతుంది? మా ఉర్దూ విని పక్కింటావిడ ‘ఆంధ్రా సే ఆయే క్యా?’ అని నవ్వింది. మియాపూర్‌లో ముస్లింలం, ఇక్కడ ఆంధ్రావాళ్ళం. మెట్రో ఒక లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు, ఇంకోటి నాగోలు నుంచి రాయదుర్గానికి పోతాయి, రెండూ ఇటు రావు. 2022 జనవరిలో షేక్‌పేట ఫ్లైఓవర్ తెరిచారు కనుక అబ్బాయి వేళకు ఆఫీసు చేరుతున్నాడు.

పేట మంచిదే. మసీదు పక్కన ఉండాలని కోరి ఇక్కడికి వచ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు, గుడి వీధిలో ఉండాలనుకునేవారిని తప్పుపట్టనట్టే వీరినీ తప్పుపట్టక్కర్లేదు. నా మంట వేరు. మమ్మల్ని గుమ్మంలోంచి మర్యాదగా పంపినవారే తర్వాత పెళ్ళిళ్ళలో కనిపించి, “మీవాళ్ళంతా ఒక్కచోటే ఎందుకుంటారండీ, అందరితో కలవరేం?” అని అడుగుతున్నారు. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లోనే రాసింది, ముస్లింలకు కోరిన చోట ఇల్లు కొనడమూ అద్దెకు తీసుకోవడమూ కష్టమవుతున్నాయని, భద్రత కోసం ఒకచోట చేరుతున్నారని. ఆ వాక్యాలకు టీక అక్కర్లేదు. చదివితే చాలు.

యజమానులకు మనవి. ఇవ్వదలచుకోకపోతే ఫోన్‌లోనే పేరు అడిగి లేదనండి, ఎండలో పిల్లను వెంటబెట్టుకుని రావడం తప్పుతుంది. కోడికూర మీరూ వండుతారు కనుక బోర్డు మీద ఆ శాకాహారం తీసెయ్యండి. ఇవ్వదలిస్తే మా సంగతి ముందే చెబుతున్నాను: మాంసం వండుతాం, గోడలకు మేకులు కొట్టం, అద్దె ఒకటో తారీఖున వేస్తాం.