తాలుకాయకున్న తాలీము

మాఘమాసంలో తాడేపల్లి దాటి పెదకూరపాడు వైపు వెళ్లండి. చేల పక్కన ఎర్రటి మిర్చి కల్లాలు, ముక్కుకు కొంగు చుట్టుకుని తాలుకాయలు ఏరే ఆడవాళ్లు కనిపిస్తారు. కొత్తగా కూలికొచ్చిన పిల్లను ముఠా మేస్త్రి తిన్నగా రాశి మీదికి తోలదు. పక్కన కూర్చోబెట్టుకుని, ఇదిగో ఇది పండు, ఇది తాలు అని చేతిలో పెట్టి చూపిస్తుంది. ఆ కాయ రేపు గుంటూరు యార్డులో ధర పలకాలి కదా! అదే చేను మీద మందు కొట్టే డ్రోను ఎగరేయాలంటే మహిళా సంఘం అక్కయ్యకు 15 రోజుల శిక్షణ. మొగుడూపెళ్లాల మధ్య కూర్చుని రాజీ కుదిర్చే మీడియేటరుకు 40 గంటలు. పసివాడి తరఫున కోర్టులో నిలబడే గార్డియన్‌కు మాత్రం ఒక్క పెన్నుంటే చాలు. అదీ గుమస్తా జేబులోదే.

ఈ గార్డియన్ గారెవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 32వ ఆర్డరు అని ఒకటుంది. మైనరు మీద దావా పడితే వాడి పక్షాన ఎవరో ఒకరు నిలబడాలంటుంది. పుస్తకంలో ఆయన పేరు గార్డియన్ అడ్ లైటెమ్, వరండాలో కోర్టు గార్డియన్. ఆయనకు కావలసిన అర్హతలేమిటంటే మేజరై ఉండాలి, మతి చెడి ఉండకూడదు, మైనరుకు వ్యతిరేకమైన స్వార్థం ఉండకూడదు, దావా వేసినవాడు కాకూడదు, సరేనని రాసివ్వాలి. ఇంటి ముందు బైకు పెట్టుకోనివ్వడానికి మనం ఇంతకంటే ఎక్కువే ఆరా తీస్తాం. ఈయన తగిన మనిషేనని ఒక అఫిడవిట్ కూడా పెట్టాలి లెండి. మామూలుగా అది పెట్టేది ఎవరనుకున్నారు? దావా వేసినవాడే. కోడిపిల్లల కాపలాకు ఫలానా ఆయన తగునని నక్కగారు ప్రమాణం చేసి చెబుతున్నారన్నమాట.

రాజధాని మాట పుట్టాక మా తాడేపల్లి మండలంలో భూమి లెక్కే మారిపోయింది. ఉల్లి, అరటి, మల్లె పండే పెనుమాక, ఉండవల్లి పొలాలను జనం గజాల్లో కొలవడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి గుమ్మం తొక్కని బాబాయిలకు చచ్చిపోయిన అన్నగారి పిల్లలు ఒక్కసారిగా గుర్తొచ్చారు. నాలుగో ప్రతివాదిగా ఒకడు, అయిదో ప్రతివాదిగా ఒకత్తె.

అలాంటి ఒక భాగపంపకాల దావా తంతు కళ్లారా చూశాను. కోర్టు పేరు చెప్పను, ఏ కోర్టుకైనా సరిపోతుంది. నోటీసు అందుకున్న తల్లి రాలేదు. గుమస్తా వరండాలో ఒక జూనియర్ ప్లీడరును పట్టుకున్నాడు.

“సార్, ఇక్కడొక సంతకం.”

“దేనికయ్యా?”

“కోర్టు గార్డియన్ అండి. నాలుగు, అయిదు ప్రతివాదులకి.”

స్కూటరు సీటు మీద ఫైలు పెట్టుకుని సంతకం చేశాడాయన. చేసేశాక, పాపం మంచివాడు, “పిల్లలకి వయసెంత?” అని కూడా అడిగాడు. గుమస్తా కాగితం తిప్పి వెలుగుకేసి పట్టి చూశాడు.

“ఒకళ్లకి తొమ్మిదండి. రెండోది జెరాక్సులో పడలేదు.”

ఆ పిల్లల పరిచయం అక్కడితో సమాప్తం. కొన్నాళ్లకు జవాబుదావా పడింది. అందులో రెండే వాక్యాలు. వాది తన దావాను రుజువు చేసుకోవాలి. మైనర్ల హక్కులకు భంగం కలగకుండా కోర్టువారు తగు ఉత్తర్వులు దయచేయవలెను. ఈ రెండు వాక్యాలూ తాతల నాటి ఇత్తడి బిందెలాంటివి, ఎవరింట్లో పెళ్లయినా అదే బయటికొస్తుంది. పిల్లల పేర్లు మార్చాలి, అంతే. ఒక్కోసారి అదీ మరిచిపోతారు.

జూనియర్‌ను తిట్టి లాభం లేదు. ఆయన చేతికొచ్చే కొన్ని వందల ఫీజుతో పిల్లల ఊరు వెతుక్కుంటూ వెళ్తే పెట్రోలు బంకులోనే హరించుకుపోతుంది. పిల్లాడితో ఏం మాట్లాడాలో, వాడి వాటా పొలం మీద బాబాయి ఎప్పుడు అప్పు తెచ్చాడో ఎలా కూపీ లాగాలో ఆయనకు ఏ కాలేజీలో చెప్పారు గనక? మైనరు తరఫున రాజీ పడాలంటే కోర్టు అనుమతి కావాలని, ఆ రాజీ మైనరుకు మేలేనని ప్లీడరు సర్టిఫికెట్ ఇవ్వాలని చట్టంలో బ్రహ్మాండంగా ఉంది. మేలేమిటో తెలియాలంటే ముందు మైనరెవరో తెలియాలి కదా. అన్యాయం జరిగితే పిల్లాడు 18 నిండాక, మామూలుగా మూడేళ్లలోపు, మళ్లీ కోర్టుకెక్కొచ్చు. ఈలోగా మన జూనియర్ జుట్టు నెరిసి పెద్ద ప్లీడరైపోతాడు. ఆ కుర్రాడు ఎవరో చెబితే విని వెతుక్కుంటూ వచ్చి ఆయనకే వకాల్తా ఇచ్చినా ఇస్తాడు.

ఇదంతా భూమి సంగతి. భూమికి కనీసం సర్వే నంబరుంది. అమ్మానాన్నలు విడిపోతూ పిల్లాడి కోసం కొట్లాడుకునే కేసులో వాడికి ఏ నంబరూ లేదు. ఆ కేసులో వాది ఒకరు, ప్రతివాది ఒకరు, ఇద్దరికీ చెరో ప్లీడరు. పిల్లాడు ఆస్తి జాబితాలో ఉంటాడు. పుస్తకాల్లో మాత్రం వాడి చుట్టూ కోటగోడలే. తెలివొచ్చిన పిల్లాడి ఇష్టం కనుక్కోవచ్చని 1890 నాటి గార్డియన్ల చట్టం అంది. పిల్లాడి క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమని 1956 నాటి హిందూ మైనర్ల చట్టం అంది. సంక్షేమ నిపుణుల సాయం తీసుకోండి, వీలైతే ఆడవాళ్లని పెట్టండి అని సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు 1976లో వచ్చిన సవరణ చెప్పింది. 1984 ఫ్యామిలీ కోర్టుల చట్టం కౌన్సెలర్లనిచ్చింది. ఆ కౌన్సెలరమ్మకు పెద్దవాళ్లిద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టేసరికే సాయంత్రమవుతుంది.

మన కుర్రాళ్లు సాఫ్ట్‌వేర్ కోసం వెళ్లి ఇళ్లు కొనుక్కున్న సియాటిల్‌లో 1977లో డేవిడ్ సూకప్ అనే జడ్జికి నిద్ర పట్టలేదట, పిల్లల గురించి సరైన సమాచారం లేకుండా వాళ్ల బతుకులు తేల్చేస్తున్నానని. మామూలు పౌరుల్ని పోగుచేసి, నేర్పించి, హింసకూ నిర్లక్ష్యానికీ గురైన పిల్లల తరఫున కోర్టులో నిలబెట్టాడు. ఇవాళ అక్కడ ఆ వలంటీరు పిల్లాణ్ణి కలవకముందే 30 గంటలు పాఠాలు వినాలి. అక్కడంతా స్వర్గమని నేననను. ఆ జడ్జిగారికి నిద్ర పట్టలేదన్నదే నాకు నచ్చింది.

మా తాడేపల్లి హైవే పక్కనే రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ ఆఫీసుంది. కుట్టుమిషను దగ్గర్నుంచి కోడింగు దాకా నేర్పిస్తారు. గార్డియన్లకూ ఒక కోర్సు పెట్టండి బాబూ అని అర్జీ రాసుకున్నాను. మొదటిరోజు పిల్లాడి మొహం చూడటం. రెండోరోజు వాడి ఎత్తుకు దిగి కింద కూర్చోవడం, ఫోను జేబులో పెట్టడం. మూడోరోజు బడికెళ్లి టీచరమ్మను కలవడం, ఇంటికెళ్లి వాడు ఎవరి పక్కన పడుకుంటున్నాడో కనుక్కోవడం. ఆఖర్న పరీక్ష, కాగితం చూడకుండా మైనరు పేరు, తరగతి చెప్పాలి. తప్పేవాళ్లు ఎక్కువుంటారు కనుక పరీక్షను ఐచ్ఛికం చేయమని కింద మనవి కూడా రాశాను.

అయినా శిక్షణే లేదనడం అబద్ధం. ఉండవల్లి సెంటర్లో ఆటో ఎక్కిన దగ్గర్నుంచి శిక్షణే. మొన్న నా ఎదుటి సీట్లో రెండో క్లాసు పిల్లాడు, తల పాపిడి తీసి దువ్వి ఉంది, అమ్మమ్మ పక్కన.

“జడ్జిగారు ఎవరి దగ్గరుంటావని అడిగితే ఏమంటావు నాన్నా?”

చెప్పాడు.

“గట్టిగా చెప్పాలి. నాన్న ఏం చేశాడు, అదీ చెప్పు.”

అదీ చెప్పాడు, లెక్కల ఎక్కంలా. కోర్టు దగ్గర దిగి, నా పనికి వాయిదా పడి చెట్టు కిందికి వచ్చేసరికి వాడు నాన్నవాళ్ల బెంచీ మీదున్నాడు. ఒళ్లో కుర్‌కురే ప్యాకెట్టు, చెవి దగ్గర నానమ్మ. అక్కడి సిలబస్ వేరు.

డఫేదారు పేరు పిలిచాడు. పిల్లాడు ప్యాకెట్టు మడిచి నిక్కరు జేబులో కుక్కుకుని పరుగెత్తాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

“అమ్మమ్మా, నువ్వు చెప్పింది ముందు చెప్పాలా, నానమ్మ చెప్పింది ముందు చెప్పాలా?”