బొరుగుల అంగడి, పెట్రోలు బంకు

మొన్న పొద్దున్నే మా మనవడు సెల్లు నా మొహం ముందర పెట్టి, "జేజినాయనా, చూడు, మన అంగడికి లైసెన్సు వచ్చింది" అన్నాడు. కండ్లద్దాలు వెతుక్కుని చూసినా. పైన 'డి అండ్ ఓ ట్రేడ్ లైసెన్సు' అని ఉంది. డి అంటే ఏందిరా అంటే 'ప్రమాదకరం' అంట. ఓ అంటే 'జనానికి అభ్యంతరకరం' అంట. మా అవ్వ గంపలో బొరుగులు, బెల్లం, చింతపండు పెట్టుకోని మొదలుపెట్టిన అంగడి ఇది. ఇన్నేండ్లు ఎవురికీ ఏ హానీ చేయకుండా బతికి, ఈ పొద్దు ప్రమాదకరమైంది.

"అందరికీ అదే పేరు. రోడ్డు మీద బంకుకు కూడా పంచాయతీ నుంచి ఇదే కాగితం" అన్నాడు వాడు, నన్ను సముదాయించేదానికి.

సరిగ్గా అక్కడే నాకు మండింది. భూమిలో వేల లీటర్ల పెట్రోలు పూడ్చిపెట్టినోనికీ, బొరుగులు అమ్ముకునేటోనికీ ఊరు ఇచ్చే కాగితం ఒకటే అయితే, అది లైసెన్సా, డబ్బు కట్టిన రసీదా?

మాది మైలవరం మండలంలో పెన్న వారనుండే ఒక పల్లె. మా రోజుల్లో మండలం లేదు, జమ్మలమడుగు తాలూకా. మండలాలు 1985లో వచ్చినాయి. అప్పుడు లైసెన్సు అంటే మాకు తెలిసినవి మూడు. తుపాకీకి ఒకటి. రేడియోకి ఒకటి, ఏటా పోస్టాఫీసుకు పోయి డబ్బు కట్టాల. సైకిలుకు ఒకటి, బిళ్ల లేకుండా టౌనులోకి పోతే ఆపేవాళ్లు. పాటలు వినేదానికి లైసెన్సు, తొక్కుకుంటా పోయేదానికి లైసెన్సు. మా నాయన అంగట్లో పెట్రోలు అమ్మేదానికి మాత్రం ఏ కాగితమూ లేదు.

నవ్వులాటకు చెప్పడం లేదు, నిజంగానే అమ్మేవాడు. పెట్రోలు కావాలంటే జమ్మలమడుగుకో ప్రొద్దుటూరుకో పోవాల్సిన కాలం. అప్పట్లో బంకు అంటే బర్మాషెల్, ఎస్సో, కాల్టెక్స్. ఆ తెల్లోళ్ల కంపెనీలు 1974 నుంచి వరసగా సర్కారు చేతికొచ్చి, హిందుస్థాన్ పెట్రోలియం, భారత్ పెట్రోలియం అయినాయి. నాయన రెండు డబ్బాల్లో పెట్రోలు పట్టించుకోని, మూతికి గుడ్డ కుక్కి, బస్సు టాపు మీద వేసుకోని వచ్చేవాడు. కండక్టరు చూసీ చూడనట్లు ఉండేవాడు. ఆయనింటికి మా బొరుగులు పోతాండె. మైలవరం డ్యాము కట్టే రోజుల్లో మా వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలు. డీజిలు రెండు వందల లీటర్ల డ్రమ్ము తెచ్చి పంచలోకి దొర్లించేవాళ్లం. రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకోని పీల్చి, కింద డబ్బాలోకి వదలడం నా పని. ఎన్ని గుక్కలు డీజిలు మింగినానో లెక్క లేదు. ఈ పొద్దుకీ బాగనే ఉండా, కానీ నన్ను చూసి ఎవురూ ఆ పని చేయొద్దు.

కొలత అంటారా? పెట్రోలుకు ఒక గాజు సీసా. సీసాకు ఇంత అని రేటు. సీసాలో ఎంత పడుతుందో నాయనకూ తెలీదు, కొన్నోనికీ తెలీదు. బండి నడిస్తే కొలత సరిపోయినట్టే.

ఒక ఎండాకాలం మాపుసారి, అప్పు తీర్చేదానికి వచ్చిన ఒకాయన బీడీ ఆర్పకుండా పంచలోకి ఎక్కినాడు. నేను గరాటు పెట్టి సీసా నింపుతాండా. భగ్గుమనింది. మాది బోదకొట్టం. నాయన తడి గోనెసంచులు వేసి, ఇసుక జల్లి, ఎట్లో ఆర్పినాడు. మీసం ఒక పక్క కాలిపోయింది. చేతులు మానేదానికి రెండు నెలలు పట్టింది. అప్పు తీర్చేదానికి వచ్చినాయన ఆ సందట్లో డబ్బు ఇయ్యకుండానే పోయినాడు, ఆ సంగతి నాయన చనిపోయే దాకా చెప్తానే ఉండె.

మరుసటి రోజు మునసబు వచ్చి కొట్టం చుట్టూ ఒకసారి తిరిగి చూసినాడు. "ఏమబ్బా, నీ అంగడి కాల్చుకుంటే నీ ఇష్టం. ఊరు కాలిస్తే ఎవురిష్టం? ఈ సరుకు రేపట్నుంచి ఊర్లో ఉండేదానికి లేదు. బయట చింతమాను కింద పెట్టుకో, మాను కాడ ఎవురూ బీడీ కాల్చకుండా చూసుకో" అన్నాడు. అంతే. కాగితం లేదు, ముద్ర లేదు. మూడో రోజుకు డ్రమ్ము మాను కింద ఉంది. ఆ తర్వాత ఒక నెల దాకా మునసబు పొద్దున చేనికి పోయేటప్పుడు ఆ దోవన్నే పోయి చూసేవాడు.

ఇది చెప్తే మా మనవడు, "అయితే మునసబు దేవుడా?" అంటాడు. కాదు. మా కొట్టం పక్కనే ఆయన గడ్డివామి ఉండె. అదీగాక పెట్రోలియం చట్టం 1934లోనే వచ్చింది. మేము అమ్మేది దొంగ అమ్మకమని ఆయనకూ తెలీదు, మాకూ తెలీదు. కరణం, మునసబుల పెత్తనం ఎట్లుండేదో నేను కండ్లారా చూసినా. 1984లో ఎన్టీఆర్ ఆ ఉద్యోగాలు తీసేసినప్పుడు టెంకాయ కొట్టినోళ్లలో నేనూ ఒకణ్ణి. నేను చెప్పేది ఒకటే. మాను కాడికి నడిచొచ్చి చూసే కాళ్లు కూడా వాళ్లతోనే పోయినాయి.

ఇప్పటి సంగతికొస్తా. 2018 నవంబరులో సర్కారు కంపెనీలు మూడూ కలిసి దేశంలో 55 వేల పైచిలుకు కొత్త బంకులకు ప్రకటన ఇచ్చినాయి. మా దాయాది కొడుకు ఒకడు రోడ్డు వార చేను ఉందని దరఖాస్తు పెట్టినాడు. లాటరీలో పేరొచ్చింది. ఆ రోజు ఇంట్లో పాయసం చేసినారు. పాయసం తొందరపడి చేసినారని తర్వాత తెలిసింది.

ముందు చేను చేను కాకుండా పోవాల, దానికి అప్పట్లో నాలా పన్ను కట్టాల్సి ఉండె. తర్వాత కలెక్టరు దగ్గర నుంచి నిరభ్యంతర పత్రం. కలెక్టరు ఊర్కే సంతకం పెట్టడు కదా, ఆర్డీవోను అడుగుతాడు, తహశీల్దారును అడుగుతాడు, పోలీసులను, ఫైరు వాళ్లను, రోడ్ల వాళ్లను అడుగుతాడు. 2002 పెట్రోలియం రూల్సులో ఈ విచారణ మూడు నెలల్లో ముగించాలని రాసుంది. రాసిన చెయ్యి మంచిదే. మావోని ఫైలు ఒక ఆఫీసులో, పేరెందుకులే, పటంలో ఉత్తరం గుర్తు లేదని ఎనక్కి వచ్చింది. గుర్తు పెట్టి పంపితే, ఈసారి గుర్తు ఉంది, సంతకం కింద తేదీ లేదు. ఇవన్నీ దాటితే పెసో, అంటే పాతకాలం పేలుడు పదార్థాల శాఖ. దాని పెద్దాఫీసు నాగపూర్‌లో. ట్యాంకు ఎంత లోతు, పంపుకూ గోడకూ ఎంత దూరం, అన్నీ వాళ్లు చూసి లైసెన్సు ఇస్తారు. చివర్న తూనికలు, కొలతల శాఖ వాళ్లు వచ్చి పంపుకు సీలు వేస్తారు, అది ఏటా వేయించుకోవాల.

ఇవన్నీ వద్దని నేను అనను. ఒక పక్క మీసం కాలిన మనిషి కొడుకును నేను. ఈ దండలో మా పంచాయతీ పువ్వు యాడుందా అని వెతుకుతాండా, అంతే. ఆ బంకు పక్కనే మా ఊరి బడి, మా ఊరి కాలువ, మా ఊరి బోరు ఉంటాయి. ట్యాంకు కారితే చెడిపోయేది మా బోరు నీళ్లు. మా ఊరి చేతిలో మిగిలేది ఏటా డబ్బు కట్టించుకోని ఇచ్చే ఆ ప్రమాదకర, అభ్యంతరకర కాగితం ఒక్కటే. అభ్యంతరం ఉందా అని మాత్రం మమ్మల్ని ఎవురూ అడగరు.

దూరాల లెక్క ఇంకో తమాషా. 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పిన ప్రకారం కొత్త బంకు బడికి, ఆసుపత్రికి 50 మీటర్ల దూరంలో ఉండాల. జాగా కుదరకపోతే, అదనపు జాగ్రత్తలు తీసుకోని 30 మీటర్ల దాకా రావచ్చు. బాగుంది. మరి బీడీకట్ట? 2003 పొగాకు చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపల అమ్మకూడదు. 100 గజాలంటే 91 మీటర్ల పైన. అంటే కాగితం మీద మా అంగడి బీడీలు బడికి దూరంగా జరగాల, పెట్రోలు ఇంకా దగ్గరికి రావచ్చు. బీడీ బుద్ధిని కాలుస్తుందని అనుకున్నారేమో.

మా కూతురి కొడుకు అమెరికాలో డాలస్ పక్కన ఉంటాడు. ఒకసారి ఫోను చేసి, "అబ్బా, ఫ్రెండ్సుతో కలిసి గ్యాస్ స్టేషను పెడుతుండా" అన్నాడు. సిలిండర్లు అమ్ముకునేదానికి అంత దూరం పోవాల్నా అని నాకు ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది, వాళ్లకు పెట్రోలే గ్యాసు అని. బంకు, దాంట్లోనే ఒక అంగడి. వాళ్లు చూసిన మూల స్థలం ఇండ్లకు కేటాయించిన జాగా అంట. టెక్సాస్‌లో అట్లాంటి జాగాను వ్యాపారానికి మార్చాలంటే, చుట్టూ 200 అడుగుల లోపల ఆస్తి ఉన్న ప్రతి ఒక్కరికీ, విచారణకు పది దినాల ముందు ఊరే ఉత్తరం రాయాల. విచారణ రోజు ఒక ముసలామె వచ్చి, బంకు లైట్లు నా పడకగదిలో పడతాయి, నాకు నిద్ర పట్టదు అనిందంట. అంత పెద్ద సభా ఆమె నిద్ర గురించి అర్ధగంట మాట్లాడింది. లైట్లకు మూతలు వేయిస్తామని ఒప్పుకున్నాకే కదిలినారంట. మావోడు ఆమెను తిట్టుకుంటా చెప్పినాడు. నాకు మాత్రం ఆమెకు ఒక నమస్కారం పెట్టాలనిపించింది. మునసబు లేడు, గడ్డివామి లేదు, అయినా ఆ పని జరిగింది.

మనకూ గ్రామసభ ఉంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయం కూడా వచ్చింది. మరి ఎవురు పోతారు? గ్రామసభ రోజు నేను పోయి చూస్తే కుర్చీలు నిండుగా ఉండాయి, మనుషులు లేరు. ఇది ఆఫీసుల తప్పు కాదు, మాదే.

సరే, మా దాయాది కొడుకు బంకు వచ్చింది. తెల్లని రేకులు, లైట్లు, గాలి ఉచితం, తాగేదానికి నీళ్లు. రేటును రోజూ పొద్దున ఆరు గంటలకు మార్చే పద్ధతి 2017 జూన్ 16న వచ్చింది, మా నాయన సీసా రేటు ఏడాదికొకసారి మారేది. అద్దాల గది ఒకటి కట్టినారు, దాంట్లో చిప్సు, కూల్‌డ్రింకులు, చివరికి పాకెట్లలో బొరుగులు కూడా. మా అంగడి గిరాకీ సగం అటే పోయింది.

బంకు వచ్చింది కదా, ఇంగ అంగళ్లలో పెట్రోలు పోయిందనుకుంటారు. పోలేదు. పెట్రోలుతో నడిచే తైవాన్ పంపుతో మందు కొట్టే రైతుకు ఒక లీటరు కావాల. బంకులో 'సీసాల్లో పోయము' అని బోర్డు. ఆ రైతు పంపును వీపుకు తగిలించుకోని బంకు దాకా నడవాల్నా? అందుకని ఊర్లలో కూల్‌డ్రింకు సీసాల్లో ఎర్రగా, వరసగా కనపడతానే ఉంటుంది, లీటరు మీద పదో ఇరవయ్యో ఎక్కువ పెట్టి. చట్టం ఏమంటుందంటే, సొంతానికి 30 లీటర్ల దాకా పెట్రోలు లైసెన్సు లేకుండా దాచుకోవచ్చు, అమ్మేదానికి మాత్రం ఒక్క చెంబెడు కూడా లేదు. మొత్తానికి బంకులో బొరుగులు దొరుకుతాయి, అంగళ్లలో పెట్రోలు దొరుకుతుంది. మా మనవడు కూడా నాలుగు సీసాలు పెడదామా అని నసిగినాడు. మీ ముత్తాత మీసం కథ మళ్లీ చెప్పమంటావా అన్నా. నోరు మూసుకున్నాడు.

ఒక మంచి మాట కూడా చెప్పాల. పోయిన నెల టౌనులో ఒక బంకు కాడ కొలత మీద అనుమానమొచ్చి, ఐదు లీటర్ల కొలత తెప్పించి పోసి చూపించమన్నా. అడిగితే చూపించాల, అది మన హక్కు. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు అటూ ఇటూ ఉండొచ్చు, అంతకు మించి తగ్గకూడదు. పిల్లోడు విసుక్కుంటానే తెచ్చి పోసినాడు. ఎనక బండ్ల వాళ్లు హారన్లు కొట్టినారు. చూస్తే గీత కాడికి సరిగ్గా ఉంది. నిజం చెప్తే నాకు కొంచెం నిరాశగానే అనిపించింది. మా నాయన సీసా కంటే మేలని మాత్రం ఒప్పుకోని వచ్చేసినా.

మా అంగడి లైసెన్సు మార్చి 31తో అయిపోతుంది. మనవడు సెల్లులోనే కట్టేస్తానంటాడు. ఈసారి నేనే నడిచి పోయి కడతా. కట్టి, పంచాయతీ సెక్రటరీని మా ప్రమాదకరమైన అంగడి ఒకసారి వచ్చి చూసిపొమ్మని పిలుస్తా. వస్తే బొరుగులు పెట్టి టీ పోస్తా, అట్నుంచి అటే బంకు కాడికి తోడు పోతా.