బిళ్ళగన్నేరూ, నా అతిసేవా

గోదావరి, కృష్ణ అంటే మీకు నదులు. మాకు బ్లాస్ట్ ఫర్నేసులు. విశాఖ ఉక్కు కర్మాగారంలో మొదటి రెంటికీ ఆ పేర్లే, మూడోదాని పేరు అన్నపూర్ణ. లోపల పదిహేను వందల డిగ్రీల దగ్గర ఇనుము కుతకుతలాడుతుంటే, ప్యానెల్ ముందు టీ తాగుతూ దాన్ని అదుపులో పెట్టిన మనిషిని నేను. ఈ మాట మా ఆవిడ ముందు మాత్రం అనకండి. "అంత ఇనుమును కరిగించినాయన ఒక్క బిళ్ళగన్నేరు మొక్కని బతికించలేకపోయాడు" అంటుంది. మామూలుగా అనడం కాదు, బంధువుల పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర నలుగురికీ వినపడేలా అంటుంది.

గులాబీ చచ్చిపోతే పరువు పోదు. అది సుకుమారి అని లోకం ఒప్పుకుంటుంది. బిళ్ళగన్నేరు అలా కాదే! గాజువాకలో కాలవ గట్టున, రైలు పట్టాల పక్క కంకరలో, ఎవరిదో పాడుబడ్డ ప్రహరీ పగులులో, ఎవరూ అడగకుండా పూస్తుంది. చేదు పాలున్న ఆకు కాబట్టి మేకలు కూడా దాని జోలికి పోవు. నిజానికి దీని పుట్టిల్లు మడగాస్కర్ దీవి. ఈ సంగతి మా అత్తగారికి చెబితే నవ్వింది. "మా తాత పుట్టకముందు నుంచీ మా పెరట్లోనే ఉంది బాబూ. ఏ దేశం నుంచొచ్చిందంటారేటి?" అంది. శ్రీకాకుళం మనిషితో భూగోళం గురించి వాదించకూడదని అప్పుడే తెలుసుకున్నాను.

రిటైరయ్యాక డాబా మీద తోట పెట్టాను. నర్సరీకి వెళితే కడియం నుంచి వచ్చిన హైబ్రిడ్ రకాలు వరసగా పెట్టి ఉన్నాయి. పొట్టిగా, గుబురుగా, ఎరుపూ వంకాయరంగూ, తెల్లపువ్వుకి మధ్యలో ఎర్రబొట్టూ! కుండీలతో సహా కొని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. మా అత్తగారు చూసి, "డబ్బులిచ్చా?" అంది. అంతకన్నా ఏమీ అనలేదు. ఆవిడ ఎప్పుడూ పొదుపే.

ఇక నా సేవ. విశాఖ మే నెల ఎండకి మధ్యాహ్నమయ్యేసరికి బిళ్ళగన్నేరు ఆకులు ముడుచుకుంటాయి. ఒంట్లో నీరు ఆవిరైపోకుండా మొక్క చేసుకునే ఏర్పాటు అది. పొద్దు వాలాక మళ్ళీ విప్పుకుంటాయి. కానీ కంట్రోల్ రూములో ఎర్రదీపం వెలిగితే చేతులు కట్టుకు కూర్చునే అలవాటు లేదు నాకు. బక్కెట్టు ఎత్తాను. సాయంత్రానికి ఆకులు విప్పుకునేవి. చూశావా, నా నీళ్ళే అనుకునేవాణ్ణి. మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ ముడుచుకునేవి. మళ్ళీ బక్కెట్టు. ఒక పక్క గచ్చు మరకలు పడుతోందని మా ఆవిడ గోల పెడితే కుండీల కింద పళ్ళేలు పెట్టాను. దాంతో వేళ్ళకి పగలూ రాత్రీ నీటిలోనే కాపురం.

ఆకులు పసుపెక్కాయి. పసుపెక్కడమంటే పోషకాలు లేవన్నమాట, అని నేనే రోగం తేల్చేసి వర్మీకంపోస్టూ, దాని మీద డీఏపీ వేశాను. తట్టుకున్న ఒకటీ అరా మొక్కలు బాగా బలిసి, పువ్వన్నది లేకుండా పెద్ద పెద్ద ఆకులేసి ఊరుకున్నాయి. వానలు మొదలయ్యాక మిగతావాటి కాండం మొదట్లో నల్లబడింది. ఫైటోఫ్తోరా తెగులు. నిలవ నీరే దానికి అన్నం, చింది పడే నీటిబొట్టే వాహనం. ఒంటరిగా ఉంటే దిగులు పడతాయేమో అని కుండీలన్నీ దగ్గరదగ్గరగా జరిపింది కూడా నేనే. ఆ రోగం నా ఏర్పాట్లకి ఎంత సంతోషించిందో!

సరే, మొక్క కొంటే కదా చావు, విత్తనంతోనే మొదలుపెడదామనుకున్నాను. జంట కాయలు ఎండి విచ్చుకుంటే నల్లటి చిన్న గింజలు రాలతాయి. వీటికి మొలకెత్తడానికి చీకటి కావాలి. మట్టి కప్పాలి, కప్పి మర్చిపోవాలి. కప్పడం నాకు చేతనైంది. రోజూ పొద్దున్నే గోటితో మట్టి తీసి చూసేవాణ్ణి. "కోడిని లేపి గుడ్లు పగిలాయా లేదా అని చూస్తారేటండీ" అని మా ఆవిడ మందలించింది. ఇన్‌స్పెక్షన్ లేకుండా ఏ పనీ జరగదన్నాను.

చేతిలో పని ఇలా ఏడుస్తున్నా నోటికి మాత్రం లోటు లేదు. పొద్దుటి నడక మిత్రుల్లో షుగరున్నవాళ్ళు, బిళ్ళగన్నేరు ఆకు నమిలితే తగ్గుతుందట కదా అని అడుగుతారు. వెంటనే డాబా ఎక్కించి ఉపన్యాసం మొదలుపెడతాను. 1952లో జమైకా నుంచి కెనడాకి ఒక కవర్లో ఆకులు వచ్చాయి. ఇదే షుగరు మాట తేల్చుకుందామని అక్కడి శాస్త్రవేత్తలు రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ ఎలుకల మీద పరీక్షలు చేస్తే షుగరు సరిగా కదల్లేదు గానీ తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అక్కణ్ణుంచి 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సరు మందు బయటికొచ్చింది. దాని వెనకే విన్‌క్రిస్టిన్. పిల్లల రక్త క్యాన్సరుకి ఇచ్చే మందుల్లో అదొకటి. కాబట్టి అయ్యా, డాక్టరు కొలిచి నరానికి ఎక్కించాల్సిన సరుకిది, పెరట్లో కోసి నమిలేది కాదు. ఇంత చెప్పి చెయ్యి చూపిస్తే అక్కడ ఎండిన పుల్లలు. మిత్రులు మర్యాదస్తులు, ఇటు తిరిగి సింహాచలం కొండ చూస్తారు.

మా ఆవిడకి ఆ మర్యాద లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఉక్కునగరం క్వార్టర్సులో ఉన్నాం. మా వీధిలో పెద్ద పెద్ద చెట్లు అడ్డంగా పడిపోయాయి. నీళ్ళ తొట్టె పక్కన దానంతటదే మొలిచిన బిళ్ళగన్నేరు మాత్రం కొమ్మలు విరిగినా మళ్ళీ చిగిర్చి పూసింది. "తుపాను చంపలేకపోయింది, మీరు చంపారు" అంటుంది. రికార్డులు పక్కాగా ఉన్నాయి కాబట్టి కాదనలేను.

కిందటి వేసవిలో మనవణ్ణి చూసుకోవాలని మా ఆవిడ నన్ను హైదరాబాదు పంపి, మా అత్తగారికి ఒంట్లో బాగోలేదని తను ఉండిపోయింది. తిరిగొచ్చి డాబా ఎక్కితే, నీళ్ళ గొట్టం మూతి దగ్గర గచ్చు పగులులో గులాబీరంగు బిళ్ళగన్నేరు గుత్తులుగా పూసి ఉంది. నేను పారేసిన మట్టిలోని గింజలే అవి. ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. ఎరువు లేదు, ఇన్‌స్పెక్షన్ అసలే లేదు. ఆ మూలకి నా ప్రవేశం నిషేధించి, సుద్దముక్కతో గీత కూడా గీసింది మా ఆవిడ.

మొన్న ఎదురింటాయన మా డాబా చూసి మురిసిపోయి, "ఎలా పెంచారు సార్ ఇంత బాగా?" అని అడిగాడు. నేను గొంతు సవరించుకుని, "నిండా ఎండ తగలాలి, మట్టిలో ఇసక కలవాలి, నీళ్ళు పొదుపుగా..." అంటున్నాను.

"హైదరాబాదుకి టికెట్టు కొనాలి" అంది మా ఆవిడ, బట్టలారేస్తూ.